పన్నెండో నెంబరు కళాసీ

అడ్మిరల్ ఎన్నడూ ఓడ ఎక్కలేదు. ఒకసారి రేవులో కట్టేసి ఉన్న పడవలోకి దిగితే కడుపులో తిప్పింది. పది నిమిషాల్లో మెట్లెక్కి పైకి వచ్చేశాడు. ఏ ఓడ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్లింది అని ఓడరేవు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు రాసి, గుమాస్తాగానే రిటైరయ్యాడు. ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టింది. అతని ఇంటి ముందుగదిలో పాతకాలపు నౌకాదళం మనుషుల బొమ్మలు గోడంతా వేలాడటం చూసి ఎవరో ఒకసారి అన్నారు. తర్వాత అసలు పేరు జీతం కాగితం మీదే మిగిలింది.

బొమ్మలు పదకొండు. రెండు వందల ఏళ్ల కిందట రాగిరేకు మీద చెక్కి, అచ్చు తీసి, చేత్తో రంగులు వేసినవి. అన్నీ ఒక పుస్తకంలోని వరస. ప్రతి బొమ్మకీ కింద కుడి మూల అంకె ఉంటుంది. ఒకటో నెంబరు అడ్మిరల్, రెండు కెప్టెన్, ఆరు ఫిరంగి కాల్చేవాడు, ఏడు వంటవాడు. వంటవాడికి ఒక కాలు కర్రది. పదకొండు చుక్కాని పట్టేవాడు. పన్నెండు కళాసీ. కళాసీ తాడు చుట్ట మీద కూర్చుని చొక్కా కుట్టుకుంటుంటాడని ఒక పాత జాబితాలో చదివాడే గాని, బొమ్మ ఎన్నడూ చూడలేదు.

"నాకు పదకొండు మంది మరుదులు," అనేది అతని భార్య, ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లతో. "ఒక్కడూ గిన్నె కడగడు. ఆ వంటవాడైనా లేస్తాడేమోనని చూస్తున్నా."

ఈ బొమ్మల పిచ్చి అంటించింది బైండరు. రేవు వెనక వీధిలో అతనిది పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణం. ముందు గదిలో కోత మర, నొక్కుడు మర, జిగురు గిన్నె. గోడ పక్కన ఒక స్టూలు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం ఆ స్టూలు అడ్మిరల్‌ది. బైండరు అతని భార్యని చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఆమె అన్నయ్యగారూ అనేది. ఆమెకి సొంత అన్నదమ్ములు లేరు.

బొమ్మలన్నీ బైండరు జాడ తీసినవే. ఆ పుస్తకం ప్రతులు ఎన్నో ఉండేవనీ, బొమ్మల కోసం జనం చింపుకుపోయారనీ, ఇప్పుడు విడి కాగితాలే దొరుకుతాయనీ చెప్పింది అతనే. రెండేళ్లకో మూడేళ్లకో ఒకటి దొరికేది. దొరికిన ప్రతిసారీ ఒక కథ. మూడోది ఒక దంతవైద్యుడి సామాను వేలంలో పుస్తకాల కట్ట అడుగున దొరికింది. ఆరోది దీపస్తంభం కాపలావాడి భార్య దగ్గర, ట్రంకుపెట్టె మూతకి లోపల అంటించి ఉంటే, తడిగుడ్డ వేసి ఊడదీశారు. బైండరు ఫ్రేము చెక్కకీ గాజుకీ తప్ప బొమ్మకని పైసా తీసుకోలేదు, తనకి ఊరికే దొరికాయనేవాడు. ఫ్రేము కూడా తనే కట్టి, వెనక కాగితం అంటించి ఇచ్చేవాడు. రెండు నియమాలు పెట్టాడు. వెనక కాగితం చింపకూడదు, గాలి తగులుతుంది. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు, రంగు అంటుకుంటుంది. కింది అంచులో చిల్లు కనిపించినప్పుడు అడిగితే, "వేళ్ల జిడ్డు ఉన్నచోటే పురుగు కొరుకుతుంది. పేజీ తిప్పేది ఆ మూలనే కదా. చిల్లు లేకపోతేనే అనుమానించాలి," అన్నాడు. అడ్మిరల్ ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాడు. కథలు కూడా రాసుకున్నాడు, తేదీ వేసి, ఓడల రాకపోకలు రాసినట్టే.

ఏడో బొమ్మ కోసం మాత్రం అతనే రైలెక్కి వెళ్లాడు. పధ్నాలుగేళ్లయింది. రాత్రంతా ప్రయాణం ఉన్న ఊళ్లో ఒక ముసలాయన దగ్గర వంటవాడి బొమ్మ ఉందనీ, ఆయన ఆ వారమే ఇల్లు ఖాళీ చేస్తున్నాడనీ బైండరు కబురు చేశాడు. అప్పుడు భార్య ఆసుపత్రిలో ఉంది. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది, కట్టు విప్పాల్సింది మర్నాడు. కట్టు విప్పగానే ముందు తన మొహమే చూపిస్తానని అతను మాటిచ్చాడు. వెళ్లాలా వద్దా అని కాలు నిలవక వరండాలో తిరుగుతుంటే ఆమే పిలిచి వెళ్లమంది. అతను తిరిగొచ్చేసరికి కట్టు విప్పి రెండు రోజులైంది.

"కళ్లు తెరవగానే నాకు ముందు కనిపించింది బకెట్టు," అని ఆమె అందరికీ చెప్పేది. "నీలం బకెట్టు. ఈయనకంటే అదే నయం, కదలకుండా అక్కడే ఉంది." అందరూ నవ్వేవాళ్లు. అడ్మిరల్ కూడా నవ్వేవాడు.

ఈ ఏడాది అతను బొమ్మలన్నీ ఊరి మ్యూజియానికి ఇచ్చేయాలనుకున్నాడు. మ్యూజియంవాళ్లు కింది గదిలో వచ్చే శుక్రవారం నుంచి ప్రదర్శన పెడుతున్నారు. ప్రతి బొమ్మ పక్కన ఒక చీటీ ఉంటుంది. బొమ్మ ఎవరిది, ఎప్పటిది, ఎక్కడ దొరికింది. ఆ మూడో గడి కోసం అతను నోట్‌బుక్కు ముందు పెట్టుకుని పదకొండు కథలూ చెప్పి రాయించాడు. తను చచ్చాక మిగిలేది బొమ్మలు కాదు, అవి ఎలాగూ ఎవరో గీసినవి. మిగిలేది వెతుకులాట. ఇరవై ఆరేళ్లు వెతికిన మనిషి ఒకడున్నాడని ఆ చీటీలు చెప్తాయి. అతనికి కావలసింది అంతే.

సోమవారం ఉదయం మ్యూజియంలో కాగితాలు బాగుచేసే ఆవిడ ఫోన్ చేసి రమ్మంది.

ఆమె గది మేడమీద ఉంది. ఫ్రేములన్నీ విప్పి గోడకి ఆనించి ఉన్నాయి. బొమ్మలు బల్ల మీద ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అడ్మిరల్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అలా పెట్టకూడదమ్మా. రంగు అంటుకుంటుంది."

"ఎవరు చెప్పారు సార్?"

"మా బైండరు."

"ఈ రంగు ఆరి రెండు వందల ఏళ్లయింది. పుస్తకంలో ఉన్నన్నాళ్లూ ఇవి ఒకదాని మీద ఒకటేగా ఉన్నాయి?"

అది నిజమే. ఆ ముక్క ఇరవై ఆరేళ్లలో అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.

"రండి, మీకో మంచి వార్త," అందామె. పై రెండు బొమ్మలూ పక్కన పెట్టి, మిగిలిన తొమ్మిదీ అంచులు కలిపి, అడుగున దీపం ఉన్న గాజుబల్ల మీద పెట్టింది. స్విచ్ వేసింది. పైనున్న మూడో బొమ్మ కింది అంచులో, అంకెకి అర అంగుళం ఎడమగా, వెలుగు చుక్క కనిపించింది.

"తొమ్మిదింటిలోంచీ వస్తోంది. ఒక్కటే పురుగు సార్. వెనక అట్ట వైపునుంచి తొలుచుకుంటూ వచ్చింది. మూడోది దాటాక రెండో దాని వీపు మీద కాస్త గీకి ఆగిపోయింది, ఇదిగో. పదకొండూ ఒకే ప్రతిలోవి. ఇలా దొరకడం చాలా అరుదు. మా డైరెక్టరు గారికి చెప్తే ఎగిరి గంతేశారు."

అడ్మిరల్ ఆ వెలుగు చుక్క మీదికి వంగాడు.

"కోత కూడా ఒక్కరిదే. ఎడమ అంచు చూడండి, కత్తి ఒకటే. ఆరో దాని దగ్గర చెయ్యి జారింది. ఆ గాటు ఏడో దాని మీద కూడా పడింది, చూశారా? రెండూ కలిపితే అతుకుతుంది. కోసిన చోట కాగితం ఇంకా తెల్లగా ఉంది. పాతిక, ముప్పై ఏళ్లకి మించదు." అప్పుడు ఆమెకి అతని మొహం కనిపించింది. గొంతు తగ్గించింది. "నేను మీరు చెప్పిన చీటీలు టైపు చేస్తుంటేనే అనుకున్నాను సార్. పదకొండు చోట్ల వెతికితే ఏదో ఒకటి రెండోసారి దొరకాలి కదా. మీకు ఒక్కటి కూడా రెండుసార్లు రాలేదా?"

"రాలేదు," అన్నాడు. ఒకే ఓడ పేరు ఒకే రోజు రెండుసార్లు పడితే గదికి అవతలి నుంచి పట్టేసేవాడని ఆఫీసులో అతనికి పేరు.

"ఎక్కడ దొరికింది అన్న గడి కావాలంటే తీసేస్తాను. ఎవరూ అడగరు."

"రేపు చెప్తానమ్మా," అని మెట్లు దిగాడు.

బైండరు పుస్తకం కుడుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఏం అడ్మిరల్ గారూ, ఇవాళ సోమవారం. మీ ఇంట్లో క్యాలెండరు చిరిగిందా?"

అడ్మిరల్ స్టూలు మీద కూర్చోలేదు.

"ఆరో బొమ్మ దగ్గర నీ చెయ్యి జారింది," అన్నాడు.

సూది ఆగింది. ఏంటి, ఏ చెయ్యి అని బైండరు అడగలేదు.

"ఎవరు చూశారు?"

"మ్యూజియం ఆవిడ. అన్నీ పేర్చి చూసింది."

"పేర్చొద్దని చెప్పాను కదయ్యా."

"నాకు చెప్పావు. అందుకే నేను చూడలేదు."

బైండరు దారం తెంపి, సూదిని చొక్కా కాలరుకి గుచ్చుకున్నాడు. లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు.

"బాగు చేయమని ఎవరో తెచ్చారు. అట్టలు ఊడిపోయి ఉంది. తెచ్చినవాడు మళ్లీ రాలేదు. రెండేళ్లు చూశాను. అప్పుడే నువ్వు ఆఫీసు రిజిస్టర్లు కట్టించడానికి వచ్చావు. బల్ల మీద ఒకటో బొమ్మ ఉంటే పది నిమిషాలు నిలబడి చూశావు. గుర్తుందా? ఇస్తానంటే నీ మొహం ఎలా అయిందో నీకు తెలీదు. నాకు తెలుసు."

"మొత్తం పుస్తకం ఉందని చెప్పలేదు."

"మొత్తం ఇస్తే ఆ మొహం ఒక్కసారే చూసేవాణ్ణి. వారంలో నీ బీరువాలోకి పోయేది అది. ఇక్కడికి మళ్లీ ఎందుకొస్తావు నువ్వు? పన్నెండుసార్లు సంతోషపెడదామనుకున్నాను. తప్పా? నీ దగ్గర ఒక్క పైసా మిగుల్చుకున్నానా?"

"లేదు."

"మరి?"

"పదకొండుసార్లు చెవిలో పూలు పెట్టావు. పెట్టిన ప్రతిసారీ నేను దండం పెట్టాను."

బైండరు జిగురు గిన్నె మీద మూత పెట్టాడు.

"ఏడో బొమ్మకి నన్ను రైలెక్కించావు," అన్నాడు అడ్మిరల్. "ఆ ముసలాయన ఎవరు?"

"అదెందుకిప్పుడు?"

"ఎవరు?"

"మా బావ."

"వాళ్ల తాత ఓడలో వంట చేశాడన్నాడు. ఆయన వాడిన గరిటె చూపించాడు. నేను చేతిలోకి తీసుకుని చూశాను."

"మా అక్క వంటింట్లోది. మా బావకి కాస్త నాటకాల పిచ్చి. నేను చెప్పలేదు గరిటె సంగతి. సొంతంగా కలిపాడు."

"మా ఆవిడ కట్టు విప్పే రోజు అది."

"తెలుసు."

"తెలిసి పంపావా?"

వీధిలో బండి ఒకటి వెళ్లింది. ఆ మోత పోయాక బైండరు అన్నాడు.

"నాలుగు నెలలు నువ్వు ఈ గుమ్మం తొక్కలేదు. ఆసుపత్రి, ఇల్లు. శనివారం వస్తుంది, పోతుంది. ఇక రావనుకున్నాను. బొమ్మ ఉందంటే వస్తావేమోనని... వెళ్లవేమో కూడా అనుకున్నాను. వెళ్లకపోతే ఆ మాట అక్కడితో పోయేది. నువ్వు వెళ్లావు."

అది చెంపదెబ్బలా తగిలింది. అందులో అబద్ధం లేదు గనక తగిలింది.

బైండరు నొక్కుడు మర పక్కనున్న అరలోంచి రెండు అట్టలు తీశాడు. మధ్యలో ఒక కాగితం. బల్ల మీద పెట్టి, పై అట్ట ఎత్తాడు. కళాసీ తాడు చుట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో చొక్కా, చేతిలో సూది, దారం కొస పళ్ల మధ్య. చొక్కా నీలం గీతలది. ఫ్రేము ఎక్కక, ఎండ తగలక, మిగతా పదకొండింటి కంటే రంగు నిలిచి ఉంది. కింది అంచులో, అంకెకి అర అంగుళం ఎడమగా, చిల్లు.

ఇరవై ఆరేళ్లూ ఆ కాగితం అతను కూర్చునే స్టూలుకి రెండు అడుగుల దూరంలో ఉంది.

"తీసుకో," అన్నాడు బైండరు. "నీదే. నీ డెబ్భయ్యో పుట్టినరోజుకి ఇద్దామనుకున్నాను."

"ఇది ఎక్కడ దొరికింది?"

అలవాటు కొద్దీ బైండరు నోరు తెరిచాడు. "రేవు దగ్గర పాత లాడ్జి పడగొట్టినప్పుడు, మేడమీద గదిలో గోడ కాగితం వెనకాల..." అని అక్కడ ఆగిపోయాడు.

"దీనికీ ఒకటి తయారు చేసి పెట్టావన్నమాట."

"ఎప్పుడో."

అడ్మిరల్ పై అట్ట దించి, కళాసీని మూసేశాడు. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో భార్య ముందుగదిలో కూర్చుని బట్టలు మడత పెడుతోంది. గోడ ఖాళీగా ఉంది. బొమ్మలు ఉన్నచోట సున్నం తెల్లగా, చుట్టూ పసుపుగా, పదకొండు పలకలు. అతను ఎదురుగా కూర్చుని అంతా చెప్పాడు. పురుగు, కత్తి, గాటు, గరిటె. ఒక్కటి కూడా దాచలేదు. ఆమె మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

"అన్నయ్యగారా?" అంది, వేరే బైండరు ఎవరైనా ఉన్నాడేమో అన్నట్టు.

అతను చెప్పడం అయ్యాక ఒక దుప్పటి నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ పెట్టింది.

"నా కట్టు విప్పిన రోజు సాయంత్రం వచ్చాడాయన. పళ్లు తెచ్చాడు. మీరు లేరని నేను ఏడిస్తే, రేపు వచ్చేస్తాడు చెల్లెమ్మా, మంచి పని మీద వెళ్లాడు అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అన్నాడు."

ఆ సంగతి అడ్మిరల్‌కి తెలియదు. ఆమె ఏడ్చిందనీ తెలియదు. పధ్నాలుగేళ్లుగా అతనికి తెలిసింది బకెట్టు కథ ఒక్కటే.

"అతను పంపబట్టే కదా నేను..." అని మొదలుపెట్టాడు.

"వెళ్తారా అని ఆయన అడిగాడు. వెళ్లమని నేనన్నాను. వెళ్లింది మీరు. ఆ ముక్క ఒక్కటి ఆయన మీదకి తొయ్యకండి." దుప్పటి పక్కన పెట్టింది. "ఆ బకెట్టు మాత్రం నిజమే. అది మీ చీటీలో వేయించండి కావాలంటే."

ఆ రాత్రి ఆమె అన్నం పెట్టిందిగాని మాట్లాడలేదు.

మర్నాడు అతను మ్యూజియానికి వెళ్లాడు. నోట్‌బుక్కు తీసుకెళ్లలేదు. కాగితాలు బాగుచేసే ఆవిడ గడి తీసేయడానికి సిద్ధంగానే ఉంది.

"తీయొద్దు. నేను చెప్పేది రాయండి," అన్నాడు. "రేవు వెనక వీధి, బైండింగు దుకాణం. ఒకే పుస్తకం. కోసింది దుకాణం యజమాని. పన్నెండో బొమ్మ అతని దగ్గరే ఉంది."

ఆమె రాసి, చదివి వినిపించింది. "పదకొండింటికీ ఇలాగేనా?"

"పదకొండింటికీ."

"అన్నిటికీ ఒకటే మాటైతే చూసేవాళ్లకి విసుగొస్తుందేమో సార్. వాళ్లకి కథలు ఇష్టం."

"నాకూ ఇష్టమే," అన్నాడు అడ్మిరల్.

గురువారం పొద్దున అతను ముందుగది గోడకున్న మేకులు పీకుతున్నాడు. భార్య స్టూలు పట్టుకుని నిలబడింది. మూడు రోజుల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట మేకు గురించి.

"ఆ చివరిది ఉంచండి. గొడుగు తగిలించుకోవచ్చు. పదకొండు మంది పోయారు, ఒక్కడు కూడా వెళ్లొస్తా వదినా అనలేదు."

ఫోన్ మోగింది. మ్యూజియం ఆవిడ.

"సార్, ఎవరో పెద్దాయన వచ్చి కౌంటరు దగ్గర ఒక ప్యాకెట్ ఇచ్చి వెళ్లారట. రెండు అట్టల మధ్య కట్టి ఉంది. విప్పి చూశాను. పన్నెండోది. కళాసీ."

అడ్మిరల్ స్టూలు మీద నుంచి దిగాడు.

"ముందు పేర్చి చూడండి," అన్నాడు.

"చూశాను సార్. చిల్లు కలిసింది."

"సరే."

"రేపటికి ఫ్రేము కట్టించి వరసలో పెట్టేస్తాం. మిగతా చీటీల్లో ఆ ఆఖరి ముక్క కొట్టేస్తాను. మరి దీని చీటీలో ఎక్కడ దొరికింది అన్నచోట ఏం రాయమంటారు?"

"తెచ్చినాయన ఏమైనా చెప్పాడా?"

"ఏం చెప్పలేదటండీ. చీటీ కూడా పెట్టలేదు. కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయారు."

అడ్మిరల్ గోడ వైపు చూశాడు. తెల్ల పలకలు మూడు వరసల్లో ఉన్నాయి. పై వరసలో నాలుగు, మధ్యలో నాలుగు, కింద మూడు. కింది వరస చివర ఒక బొమ్మకి సరిపడా చోటు, ఇరవై ఆరేళ్లుగా అతను ఏమీ తగిలించకుండా ఉంచింది, చుట్టూ ఉన్న గోడలాగే పసుపుగా ఉంది.

"అయితే ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి," అన్నాడు.

ఫోన్ పెట్టేసి మళ్లీ స్టూలెక్కాడు. ఇంకా నాలుగు మేకులున్నాయి. చివరిది ఉంచేశాడు.